నుదుట కట్టిన గాజుగుడ్డ

చలికాలం వచ్చిందంటే మా ఇంట్లో వాజిలైన్ సీసాకి ఎక్కడలేని గిరాకీ. పెదవులు పగిలాయని పిల్లలు, మడమలు పగిలాయని మా అమ్మ, బీరువా తలుపు కిర్రుమంటోందని మావారు - అందరికీ అదే మందు. మొన్న సంక్రాంతికి మా నాన్నగారు వచ్చినప్పుడు ఆ సీసా కోసం ఇల్లంతా గాలించి, చివరికి ఫ్రిజ్ మీద దొరికితే చేతిలోకి తీసుకుని, చిన్నప్పటి తగువు గుర్తొచ్చినవారిలా దానికేసి చూసి, "ఈ జిడ్డు మూలంగానే కదమ్మా, ఆ ఏడు మద్రాసులో అంత రభస జరిగింది!" అన్నారు.

నాకు క్రికెట్టు అంతంత మాత్రం. ఇంట్లో ముగ్గురు మగవాళ్ళు టీవీ ముందు కూర్చుని కేకలు పెడుతుంటే వంటింట్లోంచి విని తెలుసుకున్న జ్ఞానమే. కానీ ఒక మనిషి తప్పు చేశాడా లేదా, చేస్తే తెలిసి చేశాడా తెలియక చేశాడా అన్న ప్రశ్న ఎక్కడ కనబడినా వదిలిపెట్టడం కథలు రాసేవాళ్ళకి చేతకాదు. అందుకని కాఫీ ఇచ్చి నాన్నగారిని కూర్చోబెట్టాను. ఆయన చెప్పింది కొంత, ఆ తర్వాత నేను తిరగేసి చదువుకున్నది కొంత. మొత్తం కలిపితే ఇదీ సంగతి.

1976 చివర ఇంగ్లండు జట్టు మన దేశానికి వచ్చింది. కాప్టెన్ టోనీ గ్రెగ్, ఆరడుగుల ఆరంగుళాల ఆజానుబాహుడు. మన కాప్టెన్ బిషన్ సింగ్ బేడీ. రంగురంగుల పట్కాలు కట్టుకుని, ఎడమచేత్తో ఎంతో అలవోకగా బంతి వేసేవాడట. అప్పటికి మనవాళ్ళ ధీమా కూడా తక్కువేం కాదు. 1971లో ఇంగ్లండు వెళ్ళి వాళ్ళ గడ్డ మీదే వాళ్ళను ఓడించాం. 1972-73లో వాళ్ళు మన ఇంటికొస్తే మళ్ళీ ఓడించి పంపాం. మన స్పిన్ బౌలర్ల పేరు చెబితే ప్రపంచమంతా జంకే రోజులు. ఈసారి కూడా అంతే అనుకున్నారు అందరూ.

అనుకున్నట్టు జరిగితే ఈ వ్యాసం రాయవలసిన పనే లేకపోను. డిసెంబరులో ఢిల్లీలో మొదటి టెస్టు. ఎసెక్స్ కౌంటీకి చెందిన జాన్ లీవర్ అనే కుర్రాడికి అదే తొలి టెస్టు. కుర్రాడంటున్నానే గానీ ఇరవై ఏడేళ్ళు. ఎడమచేతి వాటం, ఫాస్ట్ బౌలరు. ఆ ఆటలో మొదటిసారి 46 పరుగులిచ్చి ఏడుగురిని, రెండోసారి 24 పరుగులిచ్చి ముగ్గురిని అవుట్ చేశాడు. అది చాలదన్నట్టు బాటింగులో 53 పరుగులు కూడా కొట్టాడు. మధ్యలో బంతి ఆకారం చెడిందని ఇంకో బంతి ఇచ్చారు. ఆ రెండో బంతి ఏ ముహూర్తాన అతని చేతికి వచ్చిందో గానీ పాములా మెలికలు తిరిగిందట. మనవాళ్ళు ఇన్నింగ్సు తేడాతో ఓడారు. జనవరి మొదట్లో కలకత్తాలో రెండో టెస్టు - అక్కడ పది వికెట్ల తేడాతో ఓటమి. అయిదింటిలో రెండు పోయాయి. మూడోదీ పోతే సిరీసే పోతుంది. ఆ మూడోది మద్రాసులో, చేపాక్ మైదానంలో, సరిగ్గా పొంగల్ రోజున, 1977 జనవరి 14న మొదలైంది.

మా నాన్నగారికి అప్పటికి పెళ్ళి కాలేదు. మద్రాసులో ఓ ప్రైవేటు కంపెనీలో గుమాస్తా. టీ నగర్‌లో ఒక గది, అందులో నలుగురు తెలుగు కుర్రాళ్ళు, నలుగురికీ కలిపి ఒక ట్రాన్సిస్టర్. ఎలా సంపాదించారో గానీ ఆదివారం ఆటకి ఆయనకి ఒక టిక్కెట్టు దొరికింది. ఆ ఆదివారమే - జనవరి 16, ఆట మూడో రోజు - చరిత్ర కెక్కిన రోజు.

ఇక్కడ ఒక్క చిన్న విషయం చెప్పాలి. లేకపోతే నాలాంటివాళ్ళకి తక్కినదంతా అయోమయంగా ఉంటుంది. ఫాస్ట్ బౌలర్లు బంతిని పాంటుకేసి అస్తమానం రుద్దుతూ ఉంటారు, చూశారా? ఆ పాంట్లు ఉతికే ఇల్లాళ్ళ గతేమిటా అని నేను చాలాసార్లు జాలిపడ్డాను. బంతికి ఒకవైపు మాత్రం నునుపు పోకుండా మెరిపిస్తూ, రెండోవైపు గరుకుగా వదిలేస్తే, అది గాలిలో ఒక పక్కకి వంపు తిరుగుతుంది. జోడెద్దుల్లో ఒకటి చురుగ్గా, ఇంకొకటి మందంగా నడిస్తే బండి మందంగా నడిచే ఎద్దు వైపు తిరిగిపోతుంది కదా, ఇంచుమించు అలాంటిదే. దానికోసం చెమట రాయవచ్చు. ఆ రోజుల్లో ఉమ్మి కూడా రాయవచ్చు. కానీ చెమటా ఉమ్మీ తప్ప బయటి పదార్థం ఏదీ బంతికి అంటకూడదని రూలు. తమాషా ఏమిటంటే మన జట్టుకి ఈ మెరుపుతో అసలు పనే లేదు. మన బలమంతా స్పిన్‌లో ఉంది. స్పిన్ బౌలరు వేళ్ళకి పట్టు దొరకాలంటే బంతి పాతబడాలి. అందుకని కొత్త బంతిని నేలకేసి రాసి మెరుపు పోగొట్టేవారట మనవాళ్ళు. ఇప్పుడైతే అదీ నేరమే. వాళ్ళకి మెరుపు కావాలి, మనకి అక్కర్లేదు. ఒకే బంతి, రెండు కాపురాలు!

సరే, ఆదివారం. మద్రాసు జనవరి మనకి చలికాలమే కావచ్చు గానీ ఇంగ్లీషువాళ్ళకి ఆవిరి గది. లీవర్‌కీ, బాబ్ విల్లిస్ అనే ఇంకో ఫాస్ట్ బౌలరుకీ చెమట కారి కళ్ళల్లో పడుతోంది. ఆ జట్టు వెంట బెర్నార్డ్ థామస్ అని ఒక ఫిజియోథెరపిస్టు ఉన్నాడు. ఆయన ఒక ఉపాయం చెప్పాడు. గాజుగుడ్డ పట్టీలకి వాజిలైన్ పట్టించి కనుబొమల మీదుగా అంటిస్తే చెమట కళ్ళల్లోకి దిగకుండా పక్కలకి జారిపోతుందన్నాడు. ఇద్దరూ అంటించుకున్నారు. విల్లిస్ అది ఇబ్బందిగా ఉందని కాసేపటికే తీసిపారేశాడు. లీవర్ ఉంచుకున్నాడు. బంతి వేస్తూండగా అతని పట్టీ ఊడింది. అది బొంబాయి అంపైరు జూదా రూబెన్ కంటబడింది. పట్టుకు చూస్తే చేతికి జిడ్డు.

అంతే. సంఘటన అంతా ఇంతే. మూడంగుళాల గాజుగుడ్డ ముక్క.

"మరి మీరక్కడే ఉన్నారు కదా, ఏం చూశారు?" అని నాన్నగారిని ఆత్రంగా అడిగాను. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఏం చూస్తానమ్మా, ఎండ. ముందు వరసలో ఒకాయన గొడుగు. బౌలరు మొహాన పట్టీ ఉందో పౌడరుందో నాకేం తెలుసు? మర్నాడు పేపరు చూసి తెలుసుకున్నాను" అన్నారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఆఫీసులో మాత్రం నా కళ్ళారా చూశానని చెప్పాను" అన్నారు.

చూశారా, సాక్ష్యాలు ఎలా పుడతాయో!

ఆ సంగతి బయటికి పొక్కగానే బేడీ ఊరుకోలేదు. ఊరుకునే మనిషీ కాదు. అంతకు ముందు ఏడాదే, 1976 ఏప్రిల్లో, జమైకాలో వెస్టిండీస్ బౌలర్లు మనవాళ్ళ తలల మీదికి బంతులు విసిరి గాయపరుస్తుంటే, 97 పరుగుల దగ్గర ఇక మా వాళ్ళు ఆడలేరు పొమ్మని ఇన్నింగ్సు ముగించేసిన మొండి ఘటం. అలాంటివాడు ఇప్పుడు బహిరంగంగా అనేశాడు - ఇది రూలు తప్పడమేననీ, ఢిల్లీ నుంచే తనకు అనుమానం ఉందనీ. ఇంగ్లండు వాళ్ళు మండిపడ్డారు. మానేజరు కెన్ బారింగ్టన్, కాప్టెన్ గ్రెగ్ - ఇద్దరూ లీవర్‌ని వెనకేసుకొచ్చారు. అది చెమట కోసం కట్టిన పట్టీ, అంతకు మించి ఏమీ లేదన్నారు.

అవి ఎమర్జెన్సీ రోజులని మరిచిపోకండి. ఏడాదిన్నరగా పత్రికల వాళ్ళకి ఏం రాయాలన్నా ఎవరికో చూపించి రాయవలసిన రోజులు. క్రికెట్టు గురించైతే ఎంతైనా రాసుకోవచ్చు, ఎవరినైనా అనుమానించవచ్చు. ఆ వాజిలైన్ అంత పెద్ద వార్త కావడానికి ఇది కూడా ఒక కారణమేమోనని నాకనిపిస్తుంది. ఆటకి సోమవారం విరామం. ఆట మళ్ళీ నడుస్తూండగానే, 18వ తేదీన, ఎన్నికలు జరుపుతామని ఇందిరాగాంధీ ప్రకటించారు. దేశంలో సగం మంది దృష్టి అటు మళ్ళింది. మిగతా సగం వాజిలైన్ దగ్గరే ఉండిపోయింది. మా నాన్నగారి గదిలో నలుగురూ ఇద్దరిద్దరుగా చీలి, ఒకే ట్రాన్సిస్టరు మీద దెబ్బలాడుకున్నారట - వార్తలు పెట్టాలా, కామెంటరీ పెట్టాలా అని.

ఇంతకీ ఆ మనిషి మోసం చేశాడా?

చెయ్యలేదనే వాళ్ళ మాట ముందు వినండి. మోసం చేసేవాడు ఎక్కడైనా రహస్యంగా చేస్తాడు గానీ వేలాది మంది చూస్తూండగా నుదుటి మీద అంటించుకుని వస్తాడా? దొంగ ఎవడైనా కన్నపుకోల భుజాన వేసుకుని పోలీసు స్టేషను ముందు నుంచి నడుస్తాడా? పైగా ఇద్దరు కట్టుకున్నారు, వైద్యం తెలిసిన మనిషి చెప్తే కట్టుకున్నారు. చెమట జారిపోతుందన్న మాటా అబద్ధం కాదు. మనం తలకి రంగు వేయించుకునేటప్పుడు నుదురు నల్లబడకుండా బ్యూటీ పార్లరు అమ్మాయి ముందుగా ఏం రాస్తుందో గుర్తు తెచ్చుకోండి. వాజిలైనే. నీళ్ళు దాని మీద నిలవవు.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఇటువైపు మాటా వినాలి కదా. చెమట ఒక్క ఇంగ్లీషువాళ్ళకే పడుతుందా? చేపాక్‌లో అంతకు ముందు బంతి వేసిన వాళ్ళందరూ చేతి రుమాలుతోనో చొక్కా చేతితోనో తుడుచుకుని వేశారు. బౌలరు చెయ్యి నిమిషానికోసారి నుదుటి మీదికి వెళుతుంది. అక్కడ జిడ్డుంది. అదే చెయ్యి బంతి మీదికి వెళుతుంది. తర్వాత బంతిని పాంటుకేసి రుద్దుతారు. ఇక మనసులో ఏముంటేనేం, బంతికి అంటవలసింది అంటింది. అతనేమీ పసివాడు కాడు, 1967 నుంచీ ఎసెక్స్‌కి ఆడుతున్న వృత్తి ఆటగాడు. బంతికి ఏం అంటవచ్చో ఏం అంటకూడదో అతనికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

ఈ రెండు వాదాలూ వింటుంటే నాకు మా మేనత్త, తక్కెడ గుర్తొచ్చాయి. మా మేనత్త పెళ్ళయిన కొత్తలో ఇంటి ముందుకి బెల్లం అమ్మేవాడొకడు వచ్చేవాడట. ఓ రోజు తూకం వేస్తూంటే ఈవిడ వంగి చూస్తే, ఒక పళ్ళెం అడుగున చింతపండు ముద్ద అంటించి ఉంది. "ఏమోయ్, ఇదేమిటి?" అంది. "పాసంగమమ్మగారూ! పళ్ళేలు రెండూ సమంగా లేవు, అందుకని కట్టాను" అన్నాడు వాడు. పాసంగం అంటే ఇప్పటి పిల్లలకి తెలియదు. తక్కెడలో ఒక పళ్ళెం తేలికైతే దాని కింద కాస్త బరువు కట్టి సరిచేసుకోవడం. అది న్యాయమే. అందరూ చేసేదే. కానీ అదే చింతపండు ముద్ద కావాలని ఒక గ్రాము ఎక్కువ పెడితే? అదే పాసంగం మోసమైపోతుంది. వస్తువు ఒకటే, చోటు ఒకటే, చెప్పే కారణమూ ఒకటే.

మా మేనత్త తెలివైనది. "అయితే పళ్ళేలు ఖాళీ చేసి ఎత్తి చూపించు" అంది. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. ఆగలేదు. "పోయిన నెల బెల్లానికీ, ఉగాదికి తెచ్చిన బెల్లానికీ ఇలాగే చేసి ఉంటావు" అని వీధి అంతా వినేట్టు కేకలేసింది. ఉగాది బెల్లం తూచడం ఎవరు చూశారు? చుట్టుపక్కల వాళ్ళంతా, "అదేమిటి, పాపం, ఎప్పటెప్పటివో తవ్వుతుంది" అని వాడి పక్షం చేరారు. పళ్ళేలు ఎత్తి చూపించకుండానే వాడు వెళ్ళిపోయాడు. మా మేనత్తకి మాత్రం గయ్యాళి అన్న పేరు మిగిలింది.

బేడీ చేసిన పొరపాటు కూడా అలాంటిదే అనిపిస్తుంది. మద్రాసు పట్టీ కంటికి కనబడిన వస్తువు. అంపైరు చేతికి చిక్కిన వస్తువు. దాని గురించి అడగడం కాప్టెన్‌గా అతని హక్కు, ఇంకా మాట్లాడితే బాధ్యత. కానీ ఢిల్లీ వికెట్లని కూడా ఆ పట్టీకే ముడిపెట్టేసరికి, పది వికెట్ల బౌలరుకి దొంగ అన్న ముద్ర పడింది. ఢిల్లీ గురించి చూపించడానికి అనుమానం తప్ప ఆధారం లేదు. ఓడిపోతున్న కాప్టెన్ అనుమానం కదా, వినేవాళ్ళు దాన్ని ఇంకో రకంగా తూచారు.

పైగా లెక్కలు చూస్తే ఇంకో చిక్కు. మద్రాసులో ఇంగ్లండు మొదట 262 చేసింది. మనం 164కి ముగిశాం, అందులో లీవర్‌వి అయిదు వికెట్లు. ఒప్పుకుంటాను. కానీ గొడవ బయటపడి, అందరి కళ్ళూ అతని చేతుల మీదే ఉన్నాక, మన రెండో ఇన్నింగ్సు ఎంతకి ముగిసిందనుకున్నారు? ఎనభై మూడు! అప్పటికి స్వదేశంలో మనవాళ్ళు అంత తక్కువకి ఎప్పుడూ అవుట్ కాలేదు. అందులో నాలుగు వికెట్లు తీసింది అండర్‌వుడ్, స్పిన్ బౌలరు. ఆయనకి మెరుపుతోనూ వాజిలైన్‌తోనూ పనే లేదు. 200 పరుగుల తేడాతో ఓడాం, సిరీస్ పోయింది. తర్వాత బెంగుళూరులో మనవాళ్ళు 140 పరుగులతో గెలిచారు. బొంబాయిలో డ్రా. మొత్తం 3-1. ఆ సిరీస్‌లో లీవర్ తీసినవి 26 వికెట్లు. వాటిలో జిడ్డు వాటా ఎంతో తీసి చూపించగల తక్కెడ ఎక్కడా లేదు.

మరి తీర్పు ఎవరిచ్చారు? లండన్‌లోని ఇంగ్లండు క్రికెట్ బోర్డు. తమ జట్టు ఇచ్చిన సంజాయిషీని తాము విని, తాము ఒప్పుకుని, వ్యవహారం ముగిసిందన్నది. కోడలు ఫిర్యాదు చేస్తే కొడుకుని అత్తగారు విచారించినట్టు! కొడుకు నిర్దోషే కావచ్చు. కానీ ఆ విచారణ చూసిన కోడలికి మనసు చల్లబడుతుందా?

నన్నడిగితే, తప్పు జరిగింది, మోసం జరిగిందని మాత్రం చెప్పలేను. బంతి పట్టుకునే మనిషి ఒంటి మీద జిడ్డు పదార్థం ఉండడమే తప్పు. అది తెలియకపోవడం ఇంకో తప్పు. అక్కడ నుంచి ఆ మనిషి మనసులోకి వెళ్ళడానికి దారి లేదు. నవలలోనైతే నేనే వెళ్ళి చూసొచ్చేదాన్ని. చరిత్రలో ఆ సౌకర్యం లేదు.

ఈ జిడ్డుతో ఆటలాడిన వాళ్ళు అమెరికాలోనూ ఉన్నారు. వాజిలైన్ అసలు అక్కడిదే. పెన్సిల్వేనియాలో కొత్తగా తవ్విన నూనె బావుల దగ్గర పంపులకి పట్టే మడ్డిని పనివాళ్ళు కాలిన గాయాలకి రాసుకోవడం చూసి, రాబర్ట్ చీజ్‌బరో అనే రసాయనశాస్త్రజ్ఞుడు దాన్ని శుద్ధి చేసి 1872లో పేటెంటు తీసుకున్నాడు. ఆయన రోజూ ఒక చెంచాడు తినేవాణ్ణని చెప్పుకునేవాడట! తొంభై ఆరేళ్ళు బతికాడు. మీరెవరూ ప్రయత్నించకండి.

అక్కడ బేస్‌బాల్ అని క్రికెట్టుకి పెత్తల్లి కూతురు లాంటి ఆట ఉంది. మన బౌలరు లాంటివాణ్ణి పిచర్ అంటారు. బంతికి ఉమ్మి రాయడాన్ని వాళ్ళు 1920లోనే నిషేధించారు. వేళ్ళకి జిడ్డుంటే బంతి తిరగకుండా జారి, బాటు దగ్గరికి వచ్చేసరికి హఠాత్తుగా కిందికి దిగుతుందట. గేలార్డ్ పెర్రీ అనే పిచర్ ఈ విద్యలో ఆరితేరినవాడు. బంతి వేసే ముందు టోపీ తాకేవాడు, చెవి తాకేవాడు, చొక్కా చెయ్యి సర్దుకునేవాడు. జిడ్డు వాటిలో ఎక్కడుందో, అసలుందో లేదో తెలియక ఎదుటివాడికి సగం ప్రాణం అక్కడే పోయేది. బంతికి రాయకపోయినా పరవాలేదు, రాశాడేమోనన్న అనుమానం చాలు. 1974లో ఆ ఉమ్మి బంతి పేరునే పుస్తకం పేరులో పెట్టి ఆత్మకథ రాసుకున్నాడు. ఇప్పుడు మానేశానన్నాడు. ఎవరూ నమ్మలేదు. మొట్టమొదటిసారి మైదానం నుంచి బయటికి పంపింది 1982లో, అప్పటికి ఆయనకి నలభై మూడేళ్ళు. 314 విజయాలు, 1991లో వాళ్ళ ఆటకి అత్యున్నత గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు. 2022లో పోయాడు. జిడ్డు సంగతి సగం ఒప్పుకుని సన్మానం పొందినవాడు అతను. ఒప్పుకోక, రుజువూ కాక, దేశం కాని దేశంలో దొంగ అనిపించుకున్నవాడు లీవర్.

మనవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? 2004 జనవరిలో బ్రిస్బేన్‌లో రాహుల్ ద్రావిడ్ నోట్లోని దగ్గుబిళ్ళ రసం బంతికి అంటించాడని సగం మాచ్ ఫీజు జరిమానా వేశారు. ద్రావిడ్! ఇంట్లో పిల్లలకి ఆదర్శంగా చూపించుకునే మనిషి. మావారు, మా తమ్ముడు, మా నాన్నగారు ముగ్గురూ ఒకే గొంతుతో, "పాపం, ఏదో పొరపాటున అంటి ఉంటుంది" అన్నారు. అదే రూలు, అంటింది కూడా బయటి పదార్థమే. లీవర్ విషయంలో పొరపాటన్న మాట ఒక్కరి నోటా రాలేదు. 2005లో ఆస్ట్రేలియాని ఓడించిన సిరీస్‌లో పుదీనా బిళ్ళలు చప్పరించి ఆ ఉమ్మితో బంతి మెరిపించానని ఇంగ్లండు ఆటగాడు మార్కస్ ట్రెస్కోతిక్ 2008లో తన ఆత్మకథలో తానే రాసుకున్నాడు. ఆ గెలుపుని ఎవరూ వెనక్కి తీసుకోలేదు. 2018లో కేప్‌టౌన్‌లో ఆస్ట్రేలియా వాళ్ళు ఉప్పుకాగితంతో పట్టుబడ్డారు. కాప్టెన్‌ని, వైస్‌కాప్టెన్‌ని ఏడాది పాటు ఆటకి దూరంగా పెట్టారు. కరోనా వచ్చాక ఉమ్మి కూడా వద్దన్నారు. 2022 నుంచి అంతర్జాతీయ ఆటల్లో ఆ నిషేధం శాశ్వతమైంది. చెమట మాత్రం ఇంకా చెల్లుబాటే. అంటే లీవర్‌ని చిక్కుల్లో పెట్టిన ఆ చెమటే, చివరికి బౌలర్లకి మిగిలిన ఏకైక ఆస్తి.

ఇక ఎవరేమయ్యారో చెప్పాలి. లీవర్ 21 టెస్టులాడి, చివరి టెస్టు 1986లో లీడ్స్‌లో, మళ్ళీ మన మీదే ఆడాడు. ముప్ఫయి ఏడేళ్ళ వయసులో పిలిచారు. ఆ ఆట మనవాళ్ళు గెలిచారు. గ్రెగ్ ఆ 1977లోనే కెర్రీ పాకర్ అనే ఆస్ట్రేలియా ధనవంతుడి జట్లకి ఆటగాళ్ళని పోగుచేశాడని బయటపడి కాప్టెన్ పదవి పోగొట్టుకున్నాడు.

బేడీ సంగతి వేరు. ఆయన 1972 నుంచీ ప్రతి వేసవీ ఇంగ్లండులో నార్తాంప్టన్‌షైర్ కౌంటీకి ఆడేవాడు. అప్పట్లో మన ఆటగాళ్ళకి ఇక్కడ వచ్చే డబ్బు ఏపాటిది? కౌంటీ ఆటే నిజమైన సంపాదన. 1977 వేసవి అయ్యాక ఆయన ఒప్పందాన్ని క్లబ్బు పొడిగించలేదు. దీనికీ వాజిలైన్‌కీ సంబంధం లేదంది క్లబ్బు. ఉందనే బేడీ నమ్మాడు. ఇక్కడ కూడా అదే పాట చూడండి - చేసినవాళ్ళు ఒక కారణం చెబుతారు, పడినవాడికి ఇంకో కారణం కనబడుతుంది, మధ్యలో తూచేవాడు లేడు. అయినా ఆయన నోరు కట్టేసుకోలేదు. తర్వాత కూడా ఎవరికి కోపం వచ్చినా రానీ అని తనకి తప్పనిపించిన ప్రతిదాన్నీ తప్పంటూనే ఉన్నాడు. 2023 అక్టోబరులో పోయాడు. 266 టెస్టు వికెట్లు. వాటిలో ఒక్కదాని మీదా జిడ్డు లేదు.

ఇదంతా రాసుకుని మా నాన్నగారికి చదివి వినిపించాను. ఆఫీసులో ఆయన చెప్పిన కళ్ళారా చూసిన కథ దగ్గర కాస్త ఇబ్బందిగా కదిలారు.

"మరి అది అబద్ధం కాదూ?" అన్నాను.

ఆయన మడమకి వాజిలైన్ రాసుకుంటూ తలెత్తకుండానే, "అబద్ధం కాదమ్మా, పాసంగం" అన్నారు.